ఈ ఏటి మన నాటకాలు: పిల్లలతో నాలుగు మాటలు



ఆహ్వాన పత్రికలో నా పేరు ఎదురుగా "సాంస్కృతిక వికాసం" అని వేశారు. అంత పెద్ద మాట మీద మొదలుపెడితే వెనక వరసలో ఫోన్లు బయటికి వస్తాయని హాస్టల్ వార్డెన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకని పోయిన వారం మన నాటక బృందం పిల్లలు నాకు వాట్సాప్‌లో పంపిన కాగితం గురించి మాట్లాడతాను. రాబోయే సీజన్‌లో ఆడదామనుకుంటున్న నాలుగు నాటకాల పేర్లు అందులో ఉన్నాయి. కొమురం భీమ్, సమ్మక్క సారలమ్మ, చరణ్‌దాస్ చోర్, బుధన్. కింద ఆడబోయే చోట్ల పేర్లు. ఆ కింద "మేడం, మీరు బీఈడీ చేశారు కదా, తప్పులు దిద్దండి" అని రాశారు. అక్షర దోషాలు దిద్ది పంపేశాను. మిగిలిన సంగతులు కాగితం మీద దిద్దేవి కావు, అవి ఇక్కడ చెబుతాను.

ముందు సీజన్ సంగతి. పట్నంలో నాటకాల వాళ్లకి హాలు దొరికితే సీజన్. మనకు పత్తి ఏరడం అయిపోవాలి, ఇప్పపువ్వు రాలడం మొదలు కాకూడదు. పువ్వు రాలుతుందంటే కోడి కూయకముందే ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని చెట్ల కింద ఉంటారు, రాత్రి పది దాకా మీ నాటకానికి ఎవరు కూర్చుంటారు? ఆ వెనకే తునికాకు. అంటే మీ చేతిలో ఉన్నది జనవరి, ఫిబ్రవరి. అందులోనే ఇంటర్ ప్రాక్టికల్స్, మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఉన్నది పద్నాలుగు మంది. వాళ్లే నాలుగు నాటకాలూ ఆడాలి, లారీలో స్పీకర్లు వాళ్లే ఎక్కించాలి, వాళ్లే దించాలి. నా మాట వింటే నాలుగు వద్దు, రెండు చాలు. ఏ రెండో నేను అనుకున్నది చెబుతాను, కాదనే హక్కు మీకు ఉంది.

చరణ్‌దాస్ చోర్ ఉండాలి. ఈ పేరు మన పెద్దలకు కొత్త కాబట్టి కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఒక దొంగ గురువు దగ్గరికి వెళ్తాడు. దొంగతనం తప్ప అన్నీ మానేస్తానంటాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజ్యం ఇచ్చినా తీసుకోను అని వాడే ఒట్లు వేసుకుంటాడు, ఎలాగూ జరగనివి కదా అని. గురువు ఇంకొకటి కలుపుతాడు: అబద్ధం ఆడకూడదు. అక్కడి నుంచి ఒక్కొక్కటే జరగడం మొదలుపెడతాయి. చివరికి రాణే వచ్చి పెళ్లి చేసుకోమంటుంది. వాడు మాట తప్పడు, ప్రాణం పోతుంది. దొంగ ఒక్కడే నిజాయితీపరుడైన రాజ్యం అది. జనం నవ్వుతూ నవ్వుతూ ఉండగానే వాడు చచ్చిపోతాడు.

కథ రాజస్థాన్ జానపద కథ, విజయదాన్ దేథా రాసి పెట్టింది. దాన్ని 1975లో నాటకం చేసింది హబీబ్ తన్వీర్. ఆయన మన పక్క రాష్ట్రంవాడే, రాయ్‌పూర్‌లో పుట్టాడు. లండన్ వెళ్లి నాటక విద్య చదువుకుని వచ్చి, 1959లో నయా థియేటర్ పెట్టాడు. ఊళ్లలో నాచా ఆడే ఛత్తీస్‌గఢీ కళాకారులను తీసుకొచ్చి నటింపజేశాడు. ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. సొంత ఊళ్లో తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టిన ఆ నటులు ఆయన నాటకంలో కొయ్యల్లా నిలబడ్డారు. ఎందుకని? ఆయన వాళ్ల చేత హిందీ మాట్లాడిస్తున్నాడు. ఇక్కడి నుంచి అక్కడికి ఇన్ని అడుగులు వెయ్యి, ఇప్పుడు ఇటు తిరుగు అని లండన్ పద్ధతిలో గీత గీసి నడిపిస్తున్నాడు. చదువు రాని నటుడికి ఆ రెండూ కాళ్లకు సంకెళ్లే. లోపం నటులది కాదు, తన పద్ధతిదని ఆయనకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. తన మాటల్లోనే ఒప్పుకున్నాడు కూడా. 1970ల్లో వాళ్లను వాళ్ల భాషలో వదిలేశాడు. మాటలు వాళ్లే పుట్టించారు, నడక వాళ్లదే. ఆ నాటకం 1982లో స్కాట్లాండులో ఎడిన్‌బరో నాటకోత్సవంలో బహుమతి గెలిచింది. రాణి వేషం ఫిదా బాయిది. చరణ్‌దాస్ వేషం చాలాకాలం వేసిన గోవిందరామ్ నిర్మల్కర్‌కి తర్వాత పద్మశ్రీ ఇచ్చారు. ఎదురుగా కూర్చున్న ఇంగ్లీషువాళ్లకి ఛత్తీస్‌గఢీ ఒక్క ముక్క రాదు. అయినా నవ్వాల్సిన చోట నవ్వారు.

మీ కాగితంలో ఆ నాటకం పేరు పక్కన "తెలుగు అనువాదం" అని రాసి ఉంది. దాని మీద గీత గీయాలనిపించింది నాకు. కోయలో ఎందుకు ఆడకూడదు?

నాకు తెలుసు మీరేమంటారో. అందరికీ అర్థం కాదు మేడం, ఆఫీసర్లు వస్తారు, కాలేజీ గ్రౌండులో వేరే వాళ్లు ఉంటారు. సరే. ఈ జనవరి, ఫిబ్రవరిలోనే మన మిరప తోటల్లోకి సుక్మా వైపు నుంచి, బీజాపూర్ వైపు నుంచి కూలీలు వస్తారు. గట్ల మీద పరదాలు కట్టుకుని, పిల్లల్ని చెట్టుకి ఊయల వేసి, పొద్దు గూకేదాకా కాయ ఏరతారు. యాస కొంచెం వేరు గానీ వాళ్లది మన మాటే. సాయంత్రం పొయ్యి రాజేశాక వాళ్లకు టీవీ లేదు, కరెంటు లేదు, తెలుగు రాదు. మీరు ఆడబోయే చోట్లలో మండల కేంద్రం ఉంది, ఐటీడీఏ హాలు ఉంది, కాలేజీ గ్రౌండు ఉంది. ఒక్క మిరప తోట లేదు. ఈ ప్రాంతంలో నాటకం కోసం రెండు కిలోమీటర్లు నడిచి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే ఉంటారు.

ఇంకో సంగతి. మా హాస్టల్లో ఆరో తరగతిలో చేరిన పిల్ల మొదటి నెల రాత్రిపూట నిద్రలో కోయలో మాట్లాడుతుంది. పగలు నోరు తెరవదు. రెండో నెలకి తెలుగు వస్తుంది. మూడో నెలలో, ఆదివారం తల్లి చూడటానికి వస్తే, తల్లి కోయలో అడిగినదానికి పిల్ల తెలుగులో జవాబు చెబుతుంది. పక్కన స్నేహితులు వింటారని. ఆ తల్లి ముఖం నేను చాలా ఆదివారాలు చూశాను. ఏమీ అనదు. తెచ్చిన మొక్కజొన్న పొత్తులు చేతిలో పెట్టి, తెలుగులో వచ్చిన నాలుగు మాటలు తనూ మాట్లాడి బస్సు ఎక్కుతుంది.

పోయిన ఆగస్టు తొమ్మిదిన ఇద్దరు పిల్లలు సంతలో చింతపండు తూకం మీద చిన్న ఆట ఆడారు, కోయలోనే. కాటా మీద వేలు నొక్కే సేటుగా వేసిన పిల్ల మాత్రం తెలుగులో మాట్లాడింది. స్క్రిప్టు లేదు, ఎవరూ నేర్పలేదు. అమ్మేవాడు ఏమంటున్నాడో కొనేవాడికి తెలియదు, చూస్తున్న నూట యాభై మందికీ తెలుసు. అక్కడ పుట్టింది నవ్వు. తల్లికి తెలుగులో జవాబు చెప్పే పిల్లలే ముందు వరసలో పడీపడీ నవ్వారు. నేను చదువుకున్న టీచర్ ట్రైనింగ్‌లో మాతృభాష మీద ఒక పాఠం మొత్తం ఉంది. ఆ పాఠం కంటే ఆ పావుగంట ఎక్కువ పని చేసింది.

అనువదించి ఆడేటప్పుడు హక్కులు ఎవరివో కనుక్కుని అనుమతి కోరుతూ ఉత్తరం రాయండి. మన కథలు, మన బొమ్మలు అడగకుండా వాడుకున్నారని మనం కోపగించుకుంటాం కదా. మనం కూడా అడగాలి.

బుధన్ ఉండాలా? ఉండాలి. ఇది నవ్వించే నాటకం కాదు. 1871లో ఇంగ్లీషువాళ్లు ఒక చట్టం తెచ్చి కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని రాశారు. బిడ్డ పుట్టగానే నేరస్థుడు, అంతే. మన దగ్గర ఎరుకల వాళ్లు ఆ బాధ పడ్డారు. బాపట్ల వైపు స్టూవర్టుపురం అనే ఊరు పుట్టిందే అలాంటి సెటిల్‌మెంటుగా. ఆ చట్టం 1952లో రద్దయింది. కాగితం మీద రద్దయింది. 1998లో పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే ఖేరియా శబర్ యువకుడిని పోలీసులు పట్టుకెళ్లారు, కస్టడీలో చనిపోయాడు. రచయిత్రి మహాశ్వేతా దేవి, అక్కడి శబర్ల సంఘం కోర్టుకి వెళ్లి పోరాడారు. అదే ఏడు అహ్మదాబాద్‌లోని ఛారానగర్‌లో ఛారా పిల్లలు, వాళ్ల మీదా అదే ముద్ర ఉంది, ఆ సంగతి చదివి నాటకం కట్టారు. అక్కడ ముందు చిన్న గ్రంథాలయం పెట్టారు. పుస్తకాలకని వచ్చిన పిల్లలు నాటకంలోకి వచ్చారు. ఆ బృందం పేరే బుధన్ థియేటర్ అయింది. తెర లేదు, సెట్టు లేదు. నటుల ఒంటి మీద మామూలు బట్టలు. ఒకడు పోలీసు అవుతాడు, ఒకడు చెట్టు అవుతాడు, ఒకడు లాకప్పు గోడ అవుతాడు.

మీలో కొందరు దీన్ని మన ఊరి సంగతితో కలిపి, పేర్లు మార్చి ఆడదామన్నారని విన్నాను. వద్దని నా అభిప్రాయం. బుధన్ పేరు బుధన్‌గానే ఉండనివ్వండి. ఎక్కడో బెంగాల్లో చచ్చిపోయిన మనిషి కథ గుజరాత్ పిల్లలు చెప్పారు, ఇప్పుడు గోదావరి ఒడ్డున మనం చెబుతున్నాం. చూసేవాడికి తన ఊరు తనకే గుర్తొస్తుంది. మీరు వేలు పెట్టి చూపించక్కర్లేదు. చూపిస్తే అక్కడి నుంచి మాట నాటకం మీద ఉండదు, ఎవరి మీద ఆడారన్నదాని మీదికి పోతుంది. ఆడపిల్లలతో రాత్రిపూట ఊళ్లు తిరిగే బృందం ఆ సంగతి కూడా చూసుకోవాలి.

కొమురం భీమ్ నాటకం గురించి మీకు కోపం రావచ్చు. మీరు రాసిన స్క్రిప్టు పూర్తిగా చదివాను. ఇరవై రెండు పేజీలు, అందులో పదహారు పేజీలు జోడేఘాట్ కాల్పులే. జల్ జంగల్ జమీన్ అనే మాట నేను లెక్కపెట్టినంతలో ముప్పై ఒక్కసార్లు వచ్చింది. 1940లో ఆయన ప్రాణం పోయిన చోటు అది, దాన్ని తక్కువ చేయమని కాదు. కానీ ఆ తుపాకుల దాకా మనిషిని తెచ్చింది ఏమిటి? పశువులు మేపితే పన్ను, అడవిలో కట్టె తెస్తే పన్ను, దున్నిన చేను మనది కాదని కాగితం. అది ఒకటిన్నర పేజీలో అయిపోయింది. ఊరు వదిలిపోయి, అస్సాం తేయాకు తోటల్లో పని చేస్తూ చదవడం రాయడం నేర్చుకున్నాడని చెప్పుకుంటారు. అది మీ స్క్రిప్టులో అసలు లేనే లేదు. హాస్టల్ పిల్లలకి అంతకంటే మంచి సీను ఏముంటుంది? భీమ్ పలక పట్టుకోవడం చూపించండి. పన్నెండు ఊళ్లకు హక్కు కావాలని నిజాం సర్కారుకు చెప్పుకోవడం చూపించండి. ఆ చావు తర్వాత అదే సర్కారు, గోండుల గోడు ఏమిటో తెలుసుకోమని హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడిని పంపింది. మార్లవాయిలో గోండీలో పాఠాలు చెప్పే బడి మొదలైంది ఆ కాలంలోనే. ఇది తిరిగి రాయాలంటే మీకు ఏడాది కావాలి. పైగా గోండుల ఊళ్లకు వెళ్లి, భీమ్ కథను వాళ్లు ఎలా చెప్పుకుంటారో విని రావాలి. మనం కోయలం, వాళ్లు మన అన్నదమ్ములే. అయినా కథ వాళ్ల ఇంటిది. ఈ ఏటికి పక్కన పెట్టండి.

ఇక సమ్మక్క సారలమ్మ. ఇది చెప్పడం కష్టం, వడ్డెలు ఎదురుగా ఉన్నారు.

ఆ తల్లి కథ నాటకంగా ఆడాలని మీకు ఎందుకు అనిపించిందో నాకు అర్థమవుతోంది. కరువు కాలంలో కప్పం కట్టమన్న కాకతీయుల మీద నిలబడ్డ తల్లి. సంపెంగ వాగు జంపన్న వాగు అయిన కథ. అందులో లేనిది ఏముంది? అయితే సమ్మక్క వేషం ఎవరు వేస్తారు అన్న చోట మీ మీటింగు గొడవలో ముగిసిందని విన్నాను. వేషం వేసిన పిల్ల ఉపవాసం ఉండాలా అని ఒకరు, నెలసరి అయితే ఏం చేస్తామని ఇంకొకరు. ఆ ప్రశ్నలకు నవ్వకండి. జనం నమ్మకంలో బతికి ఉన్న దేవతను వేదిక ఎక్కిస్తే ఆ ప్రశ్నలన్నీ వస్తాయి. వాటి భారం పదహారేళ్ల ఆడపిల్ల నెత్తిన పడుతుంది. తర్వాత ఆ పిల్లకు జ్వరం వచ్చినా, ఊళ్లో ఎవరి పశువు చచ్చినా దాన్నే అంటారు. వార్డెన్‌గా నేను ముందు చూసేది అదే.

చరణ్‌దాస్ చోర్‌కి కూడా ఇలాంటిది జరిగింది. తమ పంథాకు అగౌరవమని సత్నామీ పెద్దలు కొందరు అభ్యంతరం చెబితే, 2009లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. హబీబ్ తన్వీర్ పోయిన ఏడాదే అది. పుస్తకాలు నిషేధించడం నాకు నచ్చదు, అడగకుండా మొదలుపెట్టడమూ నచ్చదు.

మన దగ్గర ఆ కథ చెప్పే పద్ధతి ఒకటి ఎప్పటి నుంచో ఉంది కదా. డోలి కొట్టేవాళ్లు పడిగె విప్పి, దాని మీది బొమ్మలు చూపిస్తూ ఇంటి వేలుపుల కథ చెబుతారు. అందులో ఎవరూ దేవత వేషం వేయరు. డోలి పలుకుతుంది, గుడ్డ మీద బొమ్మ ఉంటుంది, కథ నడుస్తుంది. సకిని రామచంద్రయ్య గారు మణుగూరు దగ్గర కూనవరం మనిషి. కోయలోనూ తెలుగులోనూ ఈ కథ చెప్పగలిగిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. పద్మశ్రీ వచ్చినప్పుడు ఫోటోలు దిగినవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఆయన దగ్గర కూర్చుని కథ మొత్తం నేర్చుకున్నవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి.

సరే, చేతులు దించండి.

అందుకని నేనడిగేది ఇది. సమ్మక్క నాటకం వద్దు. మీ రెండు నాటకాలకు ముందు, ప్రతి ఊళ్లో, ఒక అరగంట డోలి కథ పెట్టండి. ఊరి వడ్డెను అడిగి, ఆయన ఏది చెప్పవచ్చంటే అది. మీలో ఇద్దరు డోలి మోసుకుంటూ ఆయన వెంట తిరగండి. ఆయన చెప్పింది, ఆయన సరేనంటేనే, ఫోన్లో రికార్డు చేసుకోండి. ఆయన వద్దంటే చెవులతో నేర్చుకోండి. రెండేళ్లు అలా తిరిగాక సమ్మక్క నాటకం రాస్తారో లేదో మీకే తెలుస్తుంది.

బట్టల గురించి త్వరగా చెప్పేస్తాను. ఒక బడి వార్షికోత్సవంలో ఆదివాసీ పాట అని చెప్పి మన పిల్లలకే ముఖానికి మసి పూసి, నడుముకి ఆకులు కట్టి, "హుర్ హుర్" అంటూ గంతులు వేయించడం నేను కళ్లారా చూశాను. మన అమ్మమ్మలు ఎవరైనా ముఖానికి మసి పూసుకుని పొలం వెళ్లారా? మన నాటకంలో ఆకులు వద్దు, ఈకలు వద్దు. కొమ్ములు పెళ్లిలో, పండుగలో పెట్టుకునేవి. జనం చూపు తిప్పడానికి సైడు నుంచి ఎంట్రీ ఇచ్చే వస్తువు కాదు. చీర కట్టు మన అవ్వ ఎలా కడుతుందో అలాగే. లుంగీ, బనీను, కండువా. ఛారా పిల్లలకు సరిపోయిన మామూలు బట్ట మనకూ సరిపోతుంది.

ఆడపిల్లల విషయం. పద్నాలుగు మందిలో ముగ్గురే అమ్మాయిలు. రాణి వేషం మగపిల్లాడు వేస్తాడని స్క్రిప్టులో రాశారు. వంద ఏళ్ల కిందట తెలుగు నాటకంలో ఆడవేషాలు మగవాళ్లు వేసేవాళ్లు, అది నిజం. అదే కాలంలో కడప వైపు పుట్టిన సురభి వాళ్ల కుటుంబాల్లో భార్యలు, కూతుళ్లు స్టేజీ ఎక్కారు. ఎందుకు ఎక్కగలిగారు? నాటకం ఆడేది మొత్తం ఇల్లే కాబట్టి. వెనక అత్త ఉంది, పక్కన అన్న ఉన్నాడు. మన తల్లిదండ్రులు పిల్లను పంపనంటున్నది నాటకం మీద కోపంతో కాదు. రాత్రి పదకొండుకు ఆటోలో ఎవరితో వస్తుంది అన్నదే వాళ్ల ప్రశ్న, అది సరైన ప్రశ్న. దానికి జవాబు సంఘం ఇవ్వాలి. బృందంతో పాటు ఎప్పుడూ ఇద్దరు పెద్ద ఆడవాళ్లు ఉండాలి, వాళ్ల రోజు కూలి సంఘం కట్టాలి. నాటకం ఏడున్నరకు మొదలై తొమ్మిదికి అయిపోవాలి. దూరం ఊరైతే అక్కడే ఎవరింట్లోనైనా ఆడపిల్లలు అందరూ ఒకేచోట పడుకోవాలి, దోమతెరలు వెంట ఉండాలి. మలేరియా వచ్చి పరీక్ష పోగొట్టుకున్న పిల్లను మళ్లీ ఏ తల్లీ పంపదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సంఘం అధ్యక్షులు సంతకం పెడితే, నా హాస్టల్లో ఉన్న పిల్లల ఇళ్లకు నేనే తీసుకెళ్లి మాట్లాడతాను. సంతకం లేకపోతే గేటు తియ్యను. ముందే చెబుతున్నా, తర్వాత అలగొద్దు.

మైకు ఒక్కటే ఉందని బాధపడుతున్నారు. మైకు డోలి కథకు పెట్టండి. నాటకానికి గొంతు. చేను అవతలి గట్టు మీది మనిషిని పిలిచే గొంతులు మనవి, ఆరు వరసల జనానికి వినిపించకపోతుందా? జనాన్ని మూడు వైపులా కూర్చోబెట్టండి, దూరం సగం తగ్గుతుంది.

రిహార్సల్స్ వచ్చే ఆదివారం నుంచి, హాస్టల్ వెనక రేకుల షెడ్డులో, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. ఐదు తర్వాత నా పిల్లలకు స్టడీ అవర్. కోయ మాటలు రాయడానికి కూర్చునేవాళ్లు మీ ఇంట్లో పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకురండి, టీ నేను పెట్టిస్తాను. రాణి వేషానికి పేరు ఇద్దామనుకునే అమ్మాయిలు ఇక్కడ అందరి ముందూ చెయ్యెత్తక్కర్లేదు. భోజనాలప్పుడు నేను ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను, అక్కడికి వచ్చి చెప్పండి.